నర్సమ్మకు చాటెడు తవుడు

చెరకు దించి బోధన్ నుంచి వచ్చిన మా ఆయన, ఎద్దుల కాడి విప్పకుండా బండి పక్కనే నిలబడ్డాడు. ఏమైందని అడిగితే, "నర్సమ్మ లేదంటనే. పొద్దుగాల్నే పోయిందంట" అన్నాడు. ఆయన కాళ్లకని తెచ్చిన నీళ్లు నా చేతిలో ఉన్నాయి. వాటిని గడప మీదే పోసేశాను. ఎందుకు పోశానో తెలియదు.

మీలో చాలామంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే. నర్సు గనుక అందరికీ నర్సమ్మే; ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లను మాత్రం నేను చూడలేదు. నా చదువు మూడో తరగతి దాకానే. గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

రెండు రాష్ట్రాలు కలిసిన మరుసటి ఏడు నేను మూడోసారి కడుపుతో ఉన్నాను. అంతకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. ఇద్దరూ ఎనిమిదో రోజే. పాలు పట్టబోతే దవడలు విడలేదు. చిన్న ఒళ్లు విల్లులాగా వంగిపోయింది. నా తలరాత అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

బోధన్‌లో తెల్లచీర నర్సమ్మ ఒకామె ఉంది, పిలిస్తే ఇంటికే వస్తుందని ఎవరో చెప్పారు. ఏ వీధో, ఏ ఇల్లో తెలియదు. చెరకు బండి మీద గడలపై కూర్చుని పోయాను. చక్కెర ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుసలో మా ఆయన ఆగిపోతే, నేను దిగి నడిచాను. ఊరంతా రసం ఉడికే తీపి వాసన. దానిలో నడుస్తుంటే కాళ్లు నేలకు ఆనుతున్నట్టు లేదు. బజారులో జొన్నలమ్మే మరాఠీ ఆమెను అడిగాను. ఆమె మాట నాకు, నా మాట ఆమెకు తెలియలేదు. చివరికి నా కడుపు వంక చూసి, పసిపిల్లను ఊపినట్టు చేతులు ఊపి, ఒక పెంకుటింటి వైపు చూపించింది.

పెంకుటింటి పెరట్లో తెల్లచీర కట్టుకున్న ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది. గిన్నె కళపెళా ఉడుకుతోంది. ఏం మాట్లాడాలో తెలియక, ఏం కూర అని అడిగాను.

"కత్తెర కూర," అంది. "తింటవా?"

తొంగి చూస్తే నిజంగానే గిన్నెలో కత్తెర. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆమె నన్ను కూర్చోబెట్టి, పోయిన పిల్లల సంగతి విని, ఆ ఇద్దరికీ బొడ్డు దేంతో కోశారని అడిగింది. కొడవలితో కోసి బూడిద అద్దారని చెప్పాను. పొయ్యిలోని కట్టెను లోపలికి తోసింది. తిడుతుందనుకున్నాను.

"నీ తలరాత గాదు పిల్లా," అంది. "ఆ కొడవలిని ఎవ్వరు ఉడకబెట్టలే. గంతే."

ఇద్దరు పిల్లల్ని మట్టిలో పెట్టిన తర్వాత, నా తప్పు కాదని చెప్పిన మొదటి మనిషి ఆమె.

నొప్పులు వచ్చిన రోజు మా ఆయన బండి కట్టుకుని పోయి ఆమెను తెచ్చాడు. వచ్చీ రాగానే పొయ్యి ఎక్కడని అడిగింది. సబ్బుతో మూడుసార్లు చేతులు కడిగింది. "చేతులు కడుక్కున్నంకనే దేవుని మీద భారం వెయ్యాలె" అనేది ఎప్పుడూ. పన్నెండు గంటలకు ఫ్యాక్టరీ కూత వినబడుతుంటే మా బిడ్డ ఏడ్చింది.

పిల్లలు దక్కని ఇంట్లో ఏం చేస్తారో మీకు తెలుసు. పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పెడతారు. వేరే ఎవరైనా ఎత్తుకుంటారు. అప్పుడు చాటెడు తవుడు ఇచ్చి, పరాయి బిడ్డను తెచ్చుకున్నట్టు తెచ్చుకుంటారు. మా అత్త తవుడు చాటలో పోసి పెట్టుకుని, బిడ్డ కోసం చేతులు చాచింది. నర్సమ్మ మూఢనమ్మకం అని కొట్టిపారేయలేదు.

"పెంటకుప్ప దాంక ఎందుకవ్వా? ఊరందరి పుండ్లు కడిగేదాన్ని, నాకన్న పెంట యాడుంది? నా ఒడిల పెట్టు" అంది.

ఒడిలో పెట్టించుకుంది. అత్త తవుడు ఇవ్వబోతే మాత్రం పుచ్చుకోలేదు. తన బిడ్డను తాను ఇవ్వనని, పాలు మాత్రం నన్ను ఇమ్మని నవ్వింది. మా అత్త ఊరుకుంటుందా? "ఇంక మంచిదాయె. యముడొస్తే మా పిల్ల గాదని చెప్తం" అంది.

ఆ తర్వాత రోజూ వచ్చింది. చెరకు తోటల మధ్య బండ్ల బాటలో తెల్లచీర కదిలితే, చెరకు పూతో ఆమెనో దూరం నుంచి తెలిసేది కాదు. ఎనిమిదో రోజు పొద్దున వచ్చి సాయంత్రం దాకా కూర్చుంది. పనేం లేక వచ్చానని చెప్పి, ఒక గడ అడిగి చిన్నపిల్లలాగా పళ్లతో చీల్చుకుని తింది. పిప్పి ఒక్కటీ కింద పడనియ్యలేదు. నేను పాలిచ్చినప్పుడల్లా నమలడం ఆపి, బిడ్డ గుటక వేసేదాకా చూసేది. తొమ్మిదో రోజు రాలేదు, గండం దాటింది గనుక. ఆమె రాని ఆ బాటను చూస్తూ ఎంత ఏడ్చానో.

తవుడు నేను మళ్లీ ఇవ్వలేదు. ఇస్తే బిడ్డ నాదైపోతుంది. నావి రెండూ పోయాయి కదా. ఆమె పేరు మీద ఉంటేనే బతుకుతుందని లోపల ఒక భయం. బిడ్డ పెద్దదైంది, పెళ్లయింది, ఇప్పుడు ఏడో నెల కడుపుతో ఉంది. భయం పోలేదు.

ఈ చలికాలం నర్సమ్మ మంచాన పడింది. చూడబోయినప్పుడు, "ఈసారి తవుడు తే" అంది. నేను బెల్లం తీసుకుపోయాను. మళ్లీ అడిగింది. పసుపు తీసుకుపోయాను. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నేను పోయినంక దాన్ని ఎవరి పేరు మీద పెడ్తవే?" అంది.

మర్నాడు చాటలో తవుడు పోసుకుని, బిడ్డను వెంటబెట్టుకుని పోయాను. మంచం పెరట్లో ఎండలో వేసి ఉంది. ఆమె పిడికెడు తీసుకుని, బిడ్డ చేతిని నా చేతిలో పెట్టింది.

"తీసుకున్న. ఇగ నీ బిడ్డనే. ఎనిమిదో రోజు ఎప్పుడో దాటిపోయిందే పిల్లా" అంది.

పిడికిలి విప్పి తవుడును పెరట్లోకి జల్లింది. పెంకుల మీంచి పిట్టలు దిగాయి. వాటిని చూస్తూనే కునుకు తీసింది. తర్వాత పదిహేను రోజులే ఉంది.

మట్టి చేసి వచ్చాక ఆ రోజు వదిలి వచ్చిన మా చాట తెచ్చుకుందామని ఆ పెరట్లోకి పోయాం. గోడకు ఆనించి ఉంది. చేతిలోకి తీసుకోగానే పిట్టలు దిగి నా చుట్టూ గెంతాయి. చాటలో ఏమీ లేదు. వెనక నీళ్ల చప్పుడైంది. ఆ కడుపుతోనే మా బిడ్డ తొట్టి దగ్గర వంగి, నర్సమ్మ వాడి అరగదీసిన సబ్బు ముక్కతో చేతులు కడుక్కుంటోంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆ నీళ్లు మట్టిలో సన్నగా పారుకుంటూ వచ్చాయి. పిట్టలు నన్ను వదిలి అటు పోయాయి.