కారణం గడిలో రాసిన మాట

సూది విరిగితే 'టిక్' మంటుంది. చుట్టూ కుట్టుమిషన్లు ఎంత గోల చేస్తున్నా ఆ చిన్న చప్పుడు నా చెవిన పడుతుంది. ఈ ఉదయం మూడో లైనులో విన్నాను. నేను లేచేలోపే అక్కడి అమ్మాయి చెయ్యెత్తి నన్ను పిలిచింది. ప్రాణం కుదుటపడింది. వెంటనే అప్పలనాయుడు గారు గుర్తొచ్చారు.

దంతెవాడ దగ్గరున్న మా బట్టల ఫ్యాక్టరీకి అప్పట్లో ఆయన ఇంజనీరింగ్ మేనేజరు. తండ్రి విజయనగరం వైపు నుంచి కిరండూల్ లైనులో రైల్వే పనికి వచ్చినవాడు. కొడుకు ఇక్కడే పుట్టి పెరిగినా యాస మాత్రం అక్కడిదే. స్టోరులో హిందీ, ఆడపిల్లలతో ఇక్కడి హల్బీ, సరిహద్దు ఊరిదాన్ని కాబట్టి నాతో తెలుగు. ఆయన మా గోండీ మాట్లాడితే మాకు నవ్వాగేది కాదు. రోజూ పొద్దున్నే లైన్ల మధ్య నడుస్తూ ఏదో ఒక మిషన్ దగ్గర ఆగి, "దీనికి జలుబు సేసింది, విప్పండి" అనేవారు. విప్పితే నిజంగానే ఏదో అరిగి ఉండేది. మిషన్లు తప్ప మనుషులు ఆయన కంటికి ఆనరని అనుకునేదాన్ని. ఎంత తెలివితక్కువదాన్నో!

మేం కుట్టేవి పసిపిల్లల గౌన్లు. అందుకే సూది విరిగితే ముక్కలన్నీ ఏరి కౌంటర్లో అప్పగిస్తేనే కొత్తది ఇస్తారు. ఆ ముక్కల్ని రిజిస్టర్లో అతికించి పక్క గడిలో కారణం రాస్తారు, ఆ పక్కన దాన్ని సరిచేయాల్సినవారు సంతకం పెడతారు. ఆ కౌంటర్లో ఉండేవాడు మేం వెళ్ళిన ప్రతిసారీ అందరి ముందూ అడవి మనుషులమంటూ 'జంగ్లీ' అని నోరు పారేసుకునేవాడు. నాకు ఒళ్ళు మండేది. దోర్నపాల్‌లో దర్జీ పని చేసే మా మామ దగ్గర మా మిషన్లకు సరిపోయే సూదులుంటే నాలుగు తెచ్చి చున్నీ అంచుకు గుచ్చుకున్నాను. ఇక వాడి ముఖం చూడక్కర్లేదని మహా సంబరపడ్డాను.

ఒకరోజు గౌను మెడ కుడుతుంటే సూది విరిగింది. పై ముక్క దొరికింది, మొన దొరకలేదు. సాయంత్రం లారీ వెళ్ళాలి. ఎవరికీ చెప్పకుండా నా సూది ఎక్కించి కుట్టుకుంటూ పోయాను. కాసేపటికి అప్పలనాయుడు గారు నా పక్కన ఆగారు. ఫ్యాక్టరీ సూదులు పసుపు రంగువి, నాది తెల్లది.

"ఇది మనది కాదే. మనదేటైనాది?"

"విరిగింది సార్. మొన దొరకలే."

లైను ఆపించారు. అయస్కాంతం పట్టుకుని మాతోపాటు నేలమీద కూర్చుని ఒక్కో గౌను మెడా తడిమారు. నా పని ఊడిందని తేల్చుకున్నాను. ఇంటికెళ్తే మళ్ళీ తునికాకు కోతే గతి. మధ్యాహ్నానికి ఒక మెడ మడతలో ఆ మొన ఆయన వేలికే గుచ్చుకుంది. రక్తపు చుక్క చూసుకుని, "పసిబిడ్డ మెడైతేనో?" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎందుకు దాసినావమ్మా?"

"కౌంటరాయన అందరి ముందట జంగ్లీ అంటడు సార్. పోబుద్ధి కాలే."

"మరి నాతో సెప్పొచ్చు కదేటి?"

"మీరు మిషన్ల సారు కదా. మా సంగతి మీకెందుకనుకున్న."

ఆయన ముఖం వాడిపోయింది. అప్పుడే ఫ్యాక్టరీ పెద్ద సారు వచ్చి, ఎవరిని ఇంటికి పంపాలో చెప్పమని హిందీలో కేకలేశారు. అప్పలనాయుడు గారు రిజిస్టర్లో మొన అతికించి, కారణం గడిలో ఒకే మాట రాశారు: 'భయం'. సరిచేయాల్సినవారి గడిలో తన సంతకం పెట్టి పుస్తకం పెద్ద సారు చేతికిచ్చారు. ఆయన అది చదివి, నా వైపు చూసి, పుస్తకం తిరిగిచ్చి వెళ్ళిపోయారు.

మర్నాడు సూదుల పెట్టె లైను పక్కనున్న బల్ల మీదకు వచ్చింది. ఇచ్చేది అప్పలనాయుడు గారే. కౌంటరతన్ని గదిలోకి పిలిచి ఏమన్నారో తెలియదు గానీ, 'జంగ్లీ' అన్న మాట మళ్ళీ వినలేదు. నాతో మాత్రం, "ఇరిగితే రా, తిట్టను. దాసినావో, తాట తీసేస్తాను" అన్నారు.

ఆయన రిటైరయ్యాక ఆ బల్ల దగ్గర నేను కూర్చుంటున్నాను. ఈ ఉదయం ఆ అమ్మాయి తెచ్చిన ముక్కలు అతికించి, కారణం 'మందపు కుట్టు' అని రాశాను. ఆయన రాసిన ఆ మాట మళ్ళీ రాయాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు. వస్తే, దాని పక్కన సంతకం చేయాల్సింది నేనే.