తిట్టని వార్డెన్ మస్తాన్‌వలి గారు

మా లెక్కల లెక్చరర్, హాస్టల్ వార్డెన్ షేక్ మస్తాన్‌వలి గారు కన్నుమూశారన్న వార్త నాకు స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతుండగా తెలిసింది. గుండెపోటట. నమ్మలేదు. ముందురోజే, తాగే విద్యార్థుల విషయంలో ఆయనతో పోట్లాడాను. ఆ వాదన తెగనేలేదు. ఇప్పుడు దాన్ని ఎవరితో తేల్చుకోవాలో తెలియక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

గన్నవరం దగ్గరి మా కళాశాలలో పదకొండేళ్లు సహోద్యోగులం. ఉయ్యూరులో పుట్టి భవానీపురంలో స్థిరపడిన ఆ సౌమ్యమూర్తి జన్మలో మద్యం ముట్టలేదు. అయినా ఏటా కొత్త విద్యార్థులకు తన నంబరిచ్చి, "తాగితే బండెక్కొద్దు. నాకు ఫోన్ చెయ్యండి. వచ్చి తీసుకెళ్తాను, తిట్టను" అనేవారు. క్రమశిక్షణ సంఘంలో ఉన్న నాకు ఒళ్లు మండేది. ఇది మద్యపానానికి అనుమతిపత్రం కాదా అని నిలదీశాను. ఆయన నవ్వి, "మానిపించడం తర్వాతండీ మేడమ్. ముందు పిల్లాడు బతికుండాలి కదా" అన్నారు.

మత్తు దిగాక ఆ విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే ప్రశ్న వేసేవారు. "మొదటి గ్లాసు ఎవరి కోసం తాగావు?" తన కోసమేనని చెప్పినవాడు అరుదట. రూమ్మేట్ల కోసం, సీనియర్ల కోసం, పిరికివాడు అనిపించుకోకుండా ఉండటం కోసం. జవాబు వచ్చేదాకా కదిలేవారు కారు, ఎంత ఓపికో ఆ మహానుభావుడికి.

నివాళిలో సందేహాలు రాయకూడదేమో. కానీ ఆయన పద్ధతే సరైనదని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆయన మూడుసార్లు తీసుకొచ్చిన కుర్రాడు ఇప్పటికీ తాగుతున్నాడు. నేను సస్పెండ్ చేయించినవాడు పూర్తిగా మానేశాడు. అలాగే నేను సస్పెండ్ చేయించిన ఇంకొకడు చదువే మానేశాడు. ఆయన జనాజా మోయడానికి పోటీపడినవాళ్లలో తాగుడు మానినవాళ్లు ఎందరో ఉన్నారు. ఏది ఎందుకు పనిచేసిందో నాకు అంతుబట్టడం లేదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆయన భార్య ఫోన్ చేశారు. ఆయన ఫోను ఆమె ఇంకా ఆపలేదు. "ఎవరో పిల్లాడండీ, తాగున్నాడు, సారు రావాలంటున్నాడు. సెలవులకి ఊరెళ్లొచ్చాడంట, సంగతి తెలీదు. ఆయన లేరని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మీరు వెళ్తారా?"

తిట్టకూడదని దారి పొడవునా నాకు నేనే చెప్పుకుంటూ వెళ్లాను. రామవరప్పాడు రింగు రోడ్డు దగ్గర, ఆ పిల్లాడు బైకు తాళం గుప్పిట్లో పట్టుకుని ఒక కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. నేను ఆటో దిగి నోరు విప్పకముందే లేచి, చేతులు కట్టుకుని, రెండడుగులు వెనక్కి వేశాడు.

మస్తాన్‌వలి గారూ, మిమ్మల్ని చూసి ఏ పిల్లాడైనా ఎప్పుడైనా అలా వెనక్కి తగ్గాడా? వాణ్ని దగ్గరికి ఎలా రమ్మనాలో నాకు చెప్పేవాళ్లెవరండీ ఇప్పుడు?