వాంతి రాకుండా నేను కాసిన కాపలా

కాపలా కాసి మరీ కొంప ముంచుకున్నవాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

మా ఐదేళ్ళ పాప మైత్రికి మెల్లకన్ను ఆపరేషన్ ఇబ్రహీంపట్నంలోనే, సాగర్ రోడ్డు మీది కంటి దవాఖానలో అయింది. పాపను మంచం మీదికి చేరుస్తూ నర్సు చెప్పింది: "గీ ఆపరేషన్ అయినంక పిల్లలకు వాంతులైతయ్ అన్నా. కాకుండ మందిచ్చిన్రు. మీరు మాత్రం జర కదిలియ్యకుండ్రి."

కంటికి ఆపరేషన్ చేస్తే కడుపులోంచి వాంతా? నాకు అనుమానం మొదలైంది. పక్కనున్న మా అమ్మ దాన్ని ఇంకాస్త ఎగదోసింది.

"కన్నుకు, వాంతికి సంబంధం లేకేంరా? దిష్టి తగిలితె అయ్యేటివి వాంతులే గద!"

అంతే, దిష్టి పెట్టేదెవరా అని వార్డంతా కళ్ళతో గాలించాను. దొరికింది! ఎదురుగా కుర్చీలో చీర కట్టుకున్న ఒకావిడ. పేషెంటు కాదు, మాకు చుట్టమూ కాదు. రెప్ప వేయకుండా మా పాపనే చూస్తోంది. నేను అడ్డం నిలబడితే పక్కకు వంగి చూసింది. నేనూ అటే వంగాను. ఆవిడ ఇటు వంగింది. చూసేవాళ్ళకు కబడ్డీ ఆడుతున్నామని అనిపించి ఉంటుంది.

"ఎవరమ్మా నువ్వు? మా పిల్లను గట్ల చూస్తున్నవేంది?"

"చూడాలె కదా."

"ఎందుకు చూడాలె?"

"వాంతి అయితదేమోనని."

విన్నారా! తన నోటితోనే ఒప్పుకుంది! వాంతయితే పాప కన్ను ఏమైపోతుందో! ఇక ఆగలేక పాపను అమాంతం ఎత్తి భుజాన వేసుకుని వార్డు చివరికి పరుగెత్తాను.

"ఎత్తకు! పండుకోబెట్టు!" అని ఆవిడ అరిచేలోపే నా చొక్కా తడిసింది.

ఆవిడ ఉరికొచ్చి పాపను అందుకుని, పక్కకు తిప్పి పడుకోబెట్టింది. మూతి తుడిచి, కంటికట్టు విప్పి చూసింది.

"కన్నుకేం కాలే, ఫికర్ చెయ్యకుండ్రి. వాంతి కాకుండ మందిచ్చింది నేనే. మందు మంచిగనే పనిచేస్తుండె, మీ ఉరుకుడే చెడగొట్టింది."

పొద్దున మాస్కులో, టోపీలో చూసిన మత్తు డాక్టరమ్మ ఆవిడే!

అప్పుడు మా అమ్మ లేచింది. పాప దగ్గరికి పోతోందనుకున్నాను. కాదు. డాక్టరమ్మ మొహం చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది.

"ఏందమ్మా గిది?" అందావిడ బిత్తరపోయి.

"ఏం లేదు బిడ్డా. మా కొడుకు అప్పటి సంది గుడ్లురిమి నిన్నే చూస్తుండె. వాని కన్ను మంచిది కాదు."

తడిసిన చొక్కా మీద చెయ్యేసి అక్కడే ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ దవాఖానలో ఎవరు మా పాపను ఎంతసేపు చూసినా సరే, నేను మాత్రం గోడనే చూస్తాను.