గోడ మీద పసుపు గీత

మొన్నటి వానకు ప్రగతి నగర్‌లో మా అపార్ట్‌మెంటు సెల్లారు నిండిపోయి, తెల్లవారేసరికి కార్లన్నీ అద్దాల దాకా మునిగి ఉన్నాయి. వాచ్‌మన్ మోటారు పెట్టి నీళ్ళు తోడుతుండగానే మా అల్లుడు నడుం లోతు నీళ్ళలోకి దిగి, నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయో స్పష్టంగా కనపడేలా ఫొటోలు తీసి ఇన్సూరెన్సు వాళ్ళకు పంపాడు. మధ్యాహ్నానికల్లా సర్వేయరు వచ్చి, సాక్ష్యం ఇంత చక్కగా ఉంటే ఇక ఇబ్బందేముందని చెప్పి, మా ఇంట్లోనే కాఫీ తాగి వెళ్ళాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. అచ్చం అలాంటి ఫొటోలే చేతబట్టుకుని కోర్టు మెట్లెక్కిన రోజులు నాకు మాత్రం గుర్తొచ్చాయి.

నా ఈడువాళ్ళకు గచ్చిబౌలి అంటే రాతిగుట్టలూ, సీతాఫలం పొదలూ, గంటకో బస్సూ గుర్తుంటాయి. మావారు బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవారు. గుంటూరు వైపు నుంచి పెళ్ళై వచ్చిన నేను, మా అమ్మాయి కాస్త పెద్దదయ్యాక, సాయంకాలపు కాలేజీలో లా చదివాను. ఆదివారం చర్చిలో మా వాళ్ళంతా, వంట రాక వాదన నేర్చుకుందని నన్ను ఆటపట్టించేవారు. వకీలును పెట్టుకునే తాహతు లేనివాళ్ళ తరఫున ప్రభుత్వమే వకీలును ఇచ్చే ఉచిత న్యాయ సహాయం పనిలో చేరాను. అందులో ఏముందని అడిగేవాళ్ళకు, పేదవాడికి చట్టం గొడుగులాంటిదని చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే నవ్వొస్తుంది, ఆ నవ్వులో సంతోషం మాత్రం లేదు.

గచ్చిబౌలిలో కంపెనీల గాజు భవనాలు అప్పుడప్పుడే లేస్తున్న కాలమది. వాటికి దిగువన, చెరువు కట్ట పక్కన ఒక బస్తీ ఉండేది. ఆ భవనాలు కట్టిన మేస్త్రీలూ, వాటిని ఊడ్చే ఆడవాళ్ళూ అందులోనే ఉండేవారు. మేము షామియానా వేసి న్యాయ సహాయ శిబిరం పెడితే, దవాఖాన వాళ్ళు వచ్చారనుకుని సగం మంది మందుచీటీలు పట్టుకుని వచ్చారు. మేము వకీళ్ళమని తెలిశాక కూడా వాళ్ళు వెళ్ళిపోలేదు. అందరిదీ ఒకటే మాట, ఇంట్లోకి నీళ్ళొస్తున్నాయని. చెరువు పొంగితే నీళ్ళు పోయే కాలవకు అడ్డంగా ఒక కంపెనీ ప్రహరీ గోడ కట్టింది. దారి లేని నీళ్ళు ఇళ్ళ మీదికి తిరిగాయి. దానికి తోడు వాన తీరే మారిపోయింది. నెలంతా పడాల్సింది ఒక పూటలో పడుతోంది.

వాళ్ళలో ఒకామెతో నాకు బాగా చనువు కలిసింది. ఆమె నన్ను అక్కా అనేది, నేను చెల్లెమ్మా అనేదాన్ని. పగలంతా ఆ గాజు భవనాల్లో ఒకదాన్ని తుడిచి, సాయంత్రం వచ్చి సొంత ఇంట్లో బురద ఎత్తిపోసుకునేది. ఒక్కటే గది, పైన రేకులు. మేస్త్రీ అయిన భర్త ఆదివారాల్లో ఒక్కో వరుస ఇటుక పేర్చుకుంటూ కట్టిన ఇల్లది. ఆ గది గురించి ఆమె మాట్లాడుతుంటే బంగళా గురించి చెబుతున్నట్టే ఉండేది. ఆమె అత్త ఒక ఆచారం నడిపేది. వరద తీశాక, నీళ్ళు గోడ మీద ఎంతవరకు వచ్చాయో అక్కడ పసుపుతో గీత గీసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టి, “గంగమ్మ తల్లీ, గీడికే ఆగు, గీత దాటకు” అని మొక్కేది. ఆమెను చూసి బస్తీలో ఆడవాళ్ళందరూ అలాగే చేసేవారు. గంగమ్మ ఏటా గీత దాటేది, వీళ్ళు ఏటా ఇంకాస్త పైన కొత్త గీత గీసేవారు. చర్చిలో పెరిగిన నాకు ఆ మొక్కు కొత్తే అయినా, ఆ ముసలామె చేతులు జోడిస్తే నాకూ తెలియకుండా తల వంగేది.

మాకు దొరికిన సాక్ష్యం ఆ గీతలే. ఇంటింటికీ తిరిగి, గీత పక్కన మనిషిని నిలబెట్టి ఫొటోలు తీయించాం. మా ఇళ్ళలోకి నీళ్ళొస్తున్నాయి, కాలవకు అడ్డు తీయించండి అని హైకోర్టులో పిటిషను వేశాం. కంపెనీ తరఫు వకీలు మా మీద గొంతు పెంచనైనా లేదు. మా పిటిషనే తెరిచి, మా మాటలే చదివి, మా ఫొటోలే చూపించాడు. నీళ్ళు ఇక్కడిదాకా వస్తున్నాయంటే ఇది చెరువే కదా, చెరువులో ఇళ్ళు కట్టుకుని నీళ్ళొచ్చాయంటే ఎలా అన్నాడు. నేను లేచి చాలాసేపే వాదించాను. చివరికి చెరువు పూర్తిగా నిండితే ఎక్కడిదాకా వస్తుందో కొలవాలనీ, ఆ హద్దులో ఉన్న అడ్డంకులన్నీ తీసేయాలనీ ఉత్తర్వు వచ్చింది. అడ్డంకులంటే ప్రహరీ గోడే కదా అనుకున్నాం. బస్తీలో లడ్డూలు పంచారు. చెల్లెమ్మ నా నోట్లో లడ్డూ కుక్కి, అందరి ముందూ నన్ను ఎత్తినంత పని చేసింది.

హద్దు రాళ్ళు పాతాక చూస్తే ప్రహరీ గోడా లోపలే ఉంది, బస్తీ కూడా లోపలే ఉంది. గోడకు అనుమతి పత్రాలున్నాయి, పెద్ద వకీళ్ళున్నారు, వారం తిరక్కుండా స్టే వచ్చింది. బస్తీకి గోడల మీది గీతలు తప్ప ఏమీ లేవు. నేనూ స్టే కోసం పరిగెత్తాను. మా వంతు రాకముందే పొద్దున్నే బుల్డోజర్లు వచ్చేశాయి. చేతిలో కాగితాలతో నేను అడ్డంగా నిలబడితే, ఆ అధికారి పాపం మర్యాదగానే, “మేడమ్, ఇది మీ కేసులో వచ్చిన ఆర్డరేనండి” అన్నాడు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. మావాళ్ళకు వెళ్ళి ఏడవడానికి ఇల్లు కూడా మిగల్లేదు.

చెల్లెమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కూలిన గోడ మీద కూర్చుని, గిన్నెలు సంచిలో సర్దుకుంటూ, “మనం నీళ్ళొస్తయని జెప్పకపోతే ఇల్లన్న మిగులునేమో గదక్కా” అంది. ఆ మాట చెప్పకపోతే కేసే లేదు, చెబితే ఇల్లే లేదు. మళ్ళీ అదే కేసు నా చేతికొస్తే అవే ఫొటోలు పెడతాను, అంతకన్నా వేరే దారి చట్టంలో నాకు కనపడదు. నా కడుపుమంట అంతా దాని మీదే.

వాళ్ళు తలో దిక్కూ చెదిరిపోయారు. కిరాయి తక్కువగా దొరికేది ఇంకో మురుగు నాలా పక్కనే కాబట్టి, కొన్ని కుటుంబాలు బాలానగర్ వైపు అలాంటి చోటే చేరాయి. నేను రిటైరయ్యాను. గుండె చెదిరిన నాకు పాతవి తవ్వుకోవడమెందుకని ఇన్నాళ్ళూ అటు వెళ్ళలేదు. నిన్న ఉచిత న్యాయ సహాయంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి, బాలానగర్ వైపు వానకు దెబ్బతిన్న బస్తీల్లో వివరాలు రాసుకోవాలి, పెద్దవారు తోడు రండి అంటే వెళ్ళాను. మంచి పిల్ల. చేతిలో ట్యాబు, కళ్ళలో ఆ వయసులో నాకున్న ఉత్సాహమే.

మూడో ఇంట్లో చెల్లెమ్మ కనిపించింది. జుట్టంతా నెరిసిపోయింది. నన్ను చూడగానే గుర్తుపట్టింది, చేయి పట్టుకుంది, అత్త పోయిందని చెప్పింది. మంచం కాళ్ళ కింద ఇటుకలు, దాని మీద బియ్యం డబ్బా, వాకిట్లో ఎండకేసిన పరుపు, గదంతా బురద వాసన. ఆ అమ్మాయి, ఇంట్లోకి నీళ్ళొచ్చాయా అని అడిగింది. చెల్లెమ్మ నా వైపు ఒక్కసారి చూసి, చేయి మెల్లగా వదిలేసి, “మా ఇంట్లకు నీళ్ళేడికెల్లొస్తయి బిడ్డా? రావు. జర ఎక్కువ వానవడితె ముంగట తడుస్తది, గంతే” అంది. పరుపు ఎందుకు ఎండేశారంటే నల్లుల కోసమంది. పక్కింటామె కూడా రావనే చెప్పింది. ఆ వీధిలో అడిగిన ప్రతి ఇంట్లోనూ, తడి నేల మీద నిలబడి, రావనే చెప్పారు.

ఆ అమ్మాయి ఇక్కడ సమస్యేమీ లేదని రాసుకుని పక్క వీధికి నడిచింది. అడిగితే చెప్పేదాన్నేమో, ఆమె నన్నేమీ అడగలేదు, నేను నోరు విప్పలేదు. నగరం మారింది, వానలు మారాయి, మా ఆఫీసులో కాగితాల బదులు ట్యాబులొచ్చాయి, వాటి సంగతి నాకంత పట్టదు. ఒకప్పుడు మమ్మల్ని చూస్తే ఆ ఆడవాళ్ళు తమ కష్టం చెప్పుకోవడానికి ఒకరినొకరు తోసుకుంటూ వచ్చేవారు. ఇప్పుడు మేము వస్తున్నామంటే ఆ కష్టాన్ని ఎక్కడ దాచాలా అని చూస్తున్నారు.