బావ చేతికి తెలియని వేడి

మా అక్క మొగుడికి టాక్సీ డ్రైవర్లు పెట్టిన పేరు థర్మామీటర్. అసలు పేరు చెప్పి మెకానిక్ షెడ్డు ఎక్కడని అడిగితే మా వీధిలో సగం మంది తెల్లమొహం వేస్తారు. థర్మామీటర్ షెడ్డు అంటే మాత్రం చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దిగబెడతారు. ఆ పక్కదే నా స్పేర్ పార్టుల కొట్టు. రెంటికీ మధ్య ఒక గోడ, గోడలో ఒక కిటికీ. బావ నన్ను సామాను అడిగేదీ, తిట్టేదీ, టీ అందించేదీ ఆ కిటికీలోంచే.

పేరు ఊరికే రాలేదు. మీటర్లూ గీటర్లూ ఆయనకు గిట్టవు. "ఇంజిన్ ఒంటి మీద చెయ్యి వెయ్యకుండా స్పానర్ పట్టుకోవద్దు" అని పని నేర్పిన పెద్దమేస్త్రి చెప్పాడట. ఆ ఒక్క మాట పట్టుకుని జీవితమంతా లాక్కొచ్చాడు మా బావ. బండి వస్తే ముందు ఇంజిన్‌ను కాసేపు తిరగనిస్తాడు. ఆ తర్వాత రేడియేటర్‌కు పైనా కిందా ఉండే నీటి గొట్టాల మీద తాకీ తాకనట్టు వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని, నాడి చూసే వైద్యుడిలా నిలబడతాడు. ఆ కాసేపూ ఎవరూ కిక్కురుమనకూడదు. కళ్ళు తెరిచి "పంపు పోయింది" అన్నాడంటే పంపు పోయినట్టే. విప్పి చూడడం మన తృప్తి కోసం. బావను ఆట పట్టించడానికి నాకు దొరకని సందు లేదు కానీ, ఆ హస్తవాసికి మాత్రం లోలోపల దణ్ణం పెట్టుకునేవాణ్ణి.

మా వీధి చివరి స్కూల్లో లెక్కలు చెప్పే టీచరమ్మ ఒకరోజు తన చిన్న కారు తీసుకొచ్చింది. పాత బండే అయినా ఒక్క గీత లేకుండా చూసుకుంటుంది.

"మేస్త్రి గారూ, ఈ ఫ్యాన్ ఆగడం లేదండీ. ఇల్లు దాటానో లేదో మొదలెడుతుంది. బండి ఆపి, తాళం తీసుకుని, క్లాసులోకెళ్ళి హాజరు పిలుస్తుంటే కిటికీలోంచి దీని రొద. పిల్లలు ఒకటే నవ్వులు" అంది. "సెలవులిచ్చాక అమ్మని తీసుకుని కొండ మీద అక్కావాళ్ళ ఇంటికెళ్ళాలి. దారిలో ఆగిపోతే అమ్మ నడవలేదు."

ఇంజిన్ వేడెక్కితే చల్లార్చడానికి తిరిగేదే ఆ ఫ్యాన్. చల్లబడగానే ఆగిపోవాలి. ఆ రకం బండికి వేడి చూపించే ముల్లు ఉండదు. మరీ మితిమీరితే వెలిగే ఎర్ర లైటు ఒక్కటే ఉంటుంది. అది ఎప్పుడూ వెలగలేదంది టీచరమ్మ.

బావ ఇంజిన్ తిరగనిచ్చి, పై గొట్టం మీద చెయ్యి వేశాడు. ఈసారి తాకీ తాకనట్టు కాదు, గుప్పిట బిగించి పట్టుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. నాకు కొంచెం వింతగా అనిపించింది కానీ, థర్మామీటర్‌కి వేడి గురించి చెప్పడానికి నేనెవర్ని?

"చల్లగానే ఉంది. ఇంజిన్ చల్లగా ఉన్నా ఫ్యాన్ తిరుగుతోందంటే సెన్సార్ అబద్ధం చెబుతోందన్నమాట" అని తేల్చేశాడు. వేడిని కనిపెట్టి ఫ్యాన్‌కు కబురు చెప్పేది సెన్సార్. నా కొట్టులోంచి కొత్తది ఇచ్చాను. బిగించాడు. ఫ్యాన్ ఆగలేదు. అయితే ఫ్యాన్‌కు కరెంటు వదిలే రిలే అతుక్కుపోయి ఉంటుందన్నాడు. అదీ ఇచ్చాను. ఫ్యాన్ నిమ్మకు నీరెత్తినట్టు తిరుగుతూనే ఉంది.

అంతే, కిటికీలోంచి తిట్లు మొదలయ్యాయి. "డూప్లికేట్ సరుకు అంటగడుతున్నావురా నాకు! సొంత బావకి!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "నా కొట్టు సరుకుని అంటే ఊరుకోను బావా. నీకు చేతకాకపోతే చేతకాలేదని చెప్పు" అనేశాను. ఆ మాటకు ఆయన ముఖం నల్లబడింది. ఆ రోజు కిటికీలోంచి టీ రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం అక్క క్యారియర్ తీసుకుని వచ్చేసరికి టీచరమ్మ షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఉంది. ఇంజిన్ తిరుగుతోంది, దానితో పాటే ఫ్యాన్. బావ చేతిలో వైర్లు కత్తిరించే కటింగ్ ప్లేయర్ ఉంది.

"ఫ్యాన్ వైరు కోసి, మీ స్టీరింగ్ కింద ఒక స్విచ్ పెడతానమ్మా. కొండ ఎక్కేటప్పుడు మాత్రం వేసుకోండి. మిగతా దారంతా దీంతో పనే లేదు, ఇంజిన్ చల్లగా ఉంటుంది" అంటున్నాడు.

కిటికీలోంచి విన్న నాకు ఎక్కడో తేడా కొట్టింది. రెండు కొత్త సామాన్లూ ఒకేసారి అబద్ధం చెప్పవు కదా! గోడ చుట్టూ తిరిగి షెడ్డులోకి వెళ్ళాను. బావ ఎడంచేత్తో కటింగ్ ప్లేయర్ పట్టుకుని, కుడిచేత్తో పై గొట్టాన్ని పట్టుకుని ఉన్నాడు.

"చల్లగా ఉందా? ఏదీ, నన్ను చూడనీ" అంటూ ఆయన చేతి పక్కనే నా చెయ్యి వేశాను.

"అమ్మో!" అని కేకపెట్టి వెనక్కి ఎగిరాను. పొయ్యి మీది గిన్నె పట్టుకున్నట్టు కాలింది. వేళ్ళు నోట్లో పెట్టుకుని చూద్దును కదా, బావ ఇంకా ఆ గొట్టాన్ని అలాగే పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కొట్టులో కూర్చుని కూర్చుని నీ చెయ్యి మెత్తబడిపోయిందిరా" అని నవ్వాడు.

"బావా, ముందు చెయ్యి తియ్యి!"

నేనే లాగేశాను. అరచెయ్యి తిప్పి చూస్తే వేళ్ళ మొదళ్ళలో తెల్లగా తోలు ఊడి, బొబ్బ పగిలి నీరు కారుతోంది. ఆ పక్కన నిన్నటి బొబ్బ, దాని పక్కన మానుతున్న పాతది. ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూశాడు బావ. నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారిపోయాయి.

అక్క క్యారియర్ కింద పెట్టేసింది. "బ్యాటరీ యాసిడ్ పడిందన్నారు కదండీ నాతో?"

"అదే అనుకున్నానే" అన్నాడు బావ. అబద్ధం కాదు. ఒంట్లో నొప్పి లేకుండా బొబ్బ లేస్తే మనిషి ఏదో ఒక కారణం వెతుక్కుంటాడు. షుగర్ ముదిరితే చేతులకు స్పర్శ పోతుందట. బావను చూసే షుగర్ డాక్టర్ వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా అని అడిగినప్పుడల్లా లేదనే చెప్పేవాడట. ఆ చేతులే పోతే తన దగ్గర ఇంకేం మిగులుతుందన్నది ఆయన భయం. అది నాకు అప్పుడు అర్థమైంది. ముందురోజు ఆయన్ని చేతకాలేదని ఒప్పుకోమన్నది నేనే.

బావ వైరు కోయలేదు. ఇంజిన్ ఆపేసి, చల్లారాక రేడియేటర్ విప్పించాడు. లోపలి సన్న గొట్టాలన్నీ తుప్పూ మడ్డీ పట్టి పూడుకుపోయాయి. నీళ్ళు కదలడానికి దారే లేదు. పాత సెన్సార్ నిజమే చెప్పింది. పాత రిలే దాని పని అది చేసింది. ఫ్యాన్ అయితే పాపం, ఊపిరి బిగబట్టి ఆ ఇంజిన్‌ను కాపాడుకొస్తోంది. ఎర్ర లైటు వెలగలేదంటే దాని చలవే. ఆ వైరు కోసి ఉంటే కొండ మొదట్లోనే ఇంజిన్ ఉడికిపోయి, నడవలేని పెద్దావిడతో టీచరమ్మ రోడ్డు మీద నిలబడేది. పని చేసేదాని నోరు నొక్కడానికి మేమిద్దరం ఎంత కష్టపడ్డామో తలుచుకుంటే సిగ్గేసింది.

రేడియేటర్ కడిగించి బిగించాక ఫ్యాన్ కాసేపు తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. టీచరమ్మ ముఖం వెలిగిపోయింది. "మీ చెయ్యి పడితే చాలు మేస్త్రి గారూ" అంది. పక్కన టాక్సీ డ్రైవర్లు కూడా ఉన్నారు. బావ ఊరుకుంటే సరిపోయేది.

"లేదమ్మా. నా చెయ్యి పనిచెయ్యడం లేదు. వేడి తెలియట్లేదు. ఫ్యాన్‌ది తప్పని నేనన్నది తప్పు" అన్నాడు బావ, అందరూ వినేట్టుగానే. టీచరమ్మ మెల్లగా, "తప్పు ఎక్కడుందో దొరికింది కదండీ, ఇక మందు వేసుకోవచ్చు" అంది.

అందరూ వెళ్ళాక అక్క ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, అరచెయ్యి ఒళ్ళో పెట్టుకుని మందు రాసింది. కళ్ళనీళ్ళు ఆపుకుంటూనే కోప్పడింది.

"ఇంత కాలిపోయినా తెలియకపోవడమేంటండీ? ఎప్పట్నుంచి ఇలా? నాతో అయినా చెప్పకూడదా?"

బావ తన అరచేతి వైపే చూస్తూ కూర్చున్నాడు. అక్క మందు రాయడం ముగించి, తన రెండు చేతుల మధ్య ఆ చేతిని పెట్టుకుని కూర్చుంది. అప్పుడు, పక్కన నేనున్నానన్నది కూడా మరిచిపోయి, నెమ్మదిగా అన్నాడు.

"ఇప్పుడు నువ్వు పట్టుకున్నావా? చూస్తేనే తెలుస్తోందే."