మూల మడిచిన చీటీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎండావానలు ట్రంకుపెట్టెలో ఉండేవి. మా తాతయ్య పాకాల రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. వానొస్తే పట్టాల కింద మట్టి ఎక్కడ కొట్టుకుపోతుందోనని బతుకంతా ఆకాశం చూసి చూసి, ఆ అలవాటు ఇంటికీ తెచ్చుకున్నాడు. గోడ క్యాలెండర్‌లో రోజూ చింపే చీటీని ఆయన పారేయనిచ్చేవాడు కాదు. దాని వెనక ఆ రోజు ఎండో, వానో, వడగళ్ళో పెన్సిలుతో రాసి దాచేవాడు. ఏటేటా ఒకే తేదీ చీటీలన్నీ ఒకచోట చేర్చి దారంతో కట్టేవాడు. అలా ప్రతి తేదీకీ ఒక కట్ట ఉండేది. ఊళ్ళోవాళ్ళు ఆయన్ని 'వానల కరణం' అని ఆటపట్టించేవాళ్ళు.

తాతయ్య కళ్ళకు పొర కమ్మాక చదివే పని నా నెత్తిన పడింది. పొద్దున్నే ఆ తేదీ కట్ట విప్పి, ఏ ఏడు ఏం జరిగిందో చదివి వినిపించాలి. తొమ్మిదేళ్ళ పిల్లకు అదెంత విసుగో మీరే ఊహించుకోండి. ఒక చీటీలో ఎండ, ఇంకో చీటీలో ఎండ, మరో చీటీలో చిరుజల్లు. ఇవన్నీ విని ఈయనేం చేస్తాడు అనిపించేది.

మా ఊరు స్వర్ణముఖి ఒడ్డున ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఏటి నిండా ఇసుకే. ఆడవాళ్ళు ఏటి నడుమ చెలమ తవ్వి, ఊరిన నీళ్ళతో బట్టలు ఉతుక్కునేవాళ్ళు. పక్కింటి అక్క తన పసిబిడ్డను మా ఇంటి ఉయ్యాలలో పడుకోబెట్టి ఏటికి పోయేది. పోయేముందు మా అరుగు దగ్గర ఆగి, "తాతా, ఈ పొద్దు ఎట్లుండాది?" అని అడిగేది. సగం వేళాకోళం, సగం నమ్మకం.

అది నవంబరు నెల. తేదీ ఇక్కడ రాయను. వీధిలో నా ఈడు పిల్లలు అచ్చనగాయలు ఆడుతూ నన్ను పిలుస్తున్నారు. ఆ రోజు కట్టలో ఒక పాత చీటీ మీద పెన్సిలు గీతలు మాసిపోయి ఉన్నాయి. మొదటి వరుస తేలిగ్గానే చదవగలిగాను, 'ఎండ' అని. కింద ఇంకేదో ఉంది. దాని జోలికి పోకుండా పక్కన పెట్టేశాను.

"అంతేనా రాసిండేది?" అన్నాడు తాతయ్య.

"అంతే తాతా," అన్నాను. అరుగు దగ్గర ఆగిన అక్క ఆ మాట విని, బట్టల మూట నెత్తిన పెట్టుకుని ఏటిలోకి దిగిపోయింది.

కాసేపటికి పాలాయన వచ్చాడు. ఏటికి ఎగువన పాకాల పక్క రాత్రంతా వాన దంచిందని, చెరువులు నిండి మొరవ పొర్లిపోతున్నాయని చెప్పి వెళ్ళిపోయాడు. మా ఊళ్ళో చుక్క పడలేదు. తాతయ్య ఆ కట్ట ఒళ్ళో పెట్టుకుని ఒక్కో చీటీనీ బొటనవేలితో తడమడం మొదలుపెట్టాడు. ఒక చీటీ దగ్గర ఆ వేలు ఆగిపోయింది. నన్ను ఆటలోంచి పిలిపించాడు.

"దీని మూల మడిచిండాది సూడు. నాకు తేదీలు గుర్తుండవు, దానికే మడిచేది. వట్టి ఎండే అయితే నేను మూల ఎందుకు మడుస్తాను?"

చీటీని వెలుగులో పెట్టి చదివాను. 'ఎండ. మబ్బు లేదు. ఎగువన వాన. మిట్టమధ్యాహ్నం ఏరు వచ్చింది. చెల్లెలు బట్టలుతకబోయి తిరిగి రాలేదు.' ఉయ్యాలలో బిడ్డ నిద్రపోతోంది.

తాతయ్య నా భుజం పట్టుకుని ఏటిగట్టుకు నడిచాడు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఆ ఎండను చూస్తేనే నాకు భయమేసింది. అక్కను పైకి రమ్మని కేకేశాడు. ఆమె నవ్వింది. "ఎండ సూడు తాతా, ఎట్ల కాస్తాందో! ఇంక రెండు గుడ్డలే, ఉతికేసి వస్తా!"

ఇంకోసారి పిలిచాడు. ఆమె వినలేదు. అప్పుడాయన కర్ర విసిరేసి, గట్టు మీద దబ్బున పడి, "అయ్యో, నా కాలు ఇరిగిపోయిందే!" అని అరిచాడు. నేను నిజమనుకుని ఏడ్చాను. అక్క ఉతుకుతున్న చీర వదిలేసి ఇసుకలో పరుగెత్తుకుంటూ వచ్చి, ఆయన్ని లేపబోయింది. తాతయ్య ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని వదల్లేదు. పట్టాల మీద పెట్టినట్టు నేలకు చెవి పెట్టి, "గూడ్సు బండి వస్తాండాది," అన్నాడు మెల్లగా.

ఆ పక్కన రైలుదారే లేదు. ముందు చప్పుడు, తరవాత కంపచెట్లను తోసుకుంటూ ఎర్రటి నీళ్ళు వచ్చాయి. చెలమా, బట్టలూ, అక్క వదిలిన చీరా కళ్ళముందే పోయాయి. అక్క మా ఇంటికొచ్చి బిడ్డను ఎత్తుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

నా అబద్ధం సంగతి తాతయ్య ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం గోడమీది చీటీ చింపించి, నాచేతే రాయించాడు: 'ఎండ. ఏరు వచ్చింది. అక్క ఉంది.' తరవాత మూల కూడా నన్నే మడవమన్నాడు. "ఆ దినం మళ్ళీ వస్తాదని కాదు పాపా, రాగలదని మడుస్తాం," అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఫోన్లోనే రేపటి వాన కనబడుతోంది. అక్క చిత్తూరులో కొడుకు దగ్గర ఉంటోంది. ఆ తేదీ వస్తే చాలు, నాకు ఫోన్ చేసి నవ్వుతూ అడుగుతుంది, "ఈ పొద్దు ఎట్లుండాది?" అని. ఆ రోజు నేనేం దాచానో ఆమెకు ఇప్పటికీ తెలియదు. ప్రతిసారీ చెబుదామనుకుంటాను, చెప్పలేను. పెట్టెలోంచి ఆ పాత చీటీ తీసి, మూల మీద బొటనవేలు ఆనించి, చివరి వరుస దాకా చదివాకే ఆమెకు జవాబు చెబుతాను.