వెనక తలుపు సీను

మా బావ మిల్లులో హాజరు గుమాస్తా. ఏటా వార్షికోత్సవానికి నాటకం రాసేది ఆయనే. రాయమని ఎవరూ బతిమాలక్కర్లేదు, ఆపమనే బతిమాలాలి. తెర పక్కన నిలబడి మాటలందించే పని నాది. నటులకి మాటలు సరిగ్గా వచ్చిన ఏడు ఒక్కటీ లేదు కాబట్టి, జనానికి నా గొంతే ఎక్కువ వినబడేది.

ఈ ఏడు మాత్రం ఆ నవ్వులాటల్లేవు. పది నెలల కింద మిల్లు గోదాము తగలబడి, అందులో పనిచేసే మా అక్క, బావ భార్య, పోయింది, మరో ఇద్దరు ఆడవాళ్ళతో పాటు. వెనక తలుపుకి ఏనాడూ తాళం వెయ్యలేదనీ, కంగారులో వాళ్ళే దారి తప్పారనీ మేనేజరు చెప్పాడు. విచారణవాళ్ళు అదే రాసుకుపోయారు. పోయినవాళ్ళ మీద నెపం వెయ్యడం తేలిక, వాళ్ళు వచ్చి కాదనరు.

బావ రాసింది ఒక అద్దె ఇంటి కథ. మధ్యలో ఆ ఇంటివాళ్ళు కూర్చుని ఓ చిన్న నాటకం చూస్తారు. అందులో పొగ కమ్మిన గదిలో ముగ్గురాడవాళ్ళు తలుపు బాదుతుంటారు. ఉద్యోగం ఊడుతుంది, ఆ ముక్క వద్దు బావా అని నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. వినలేదు. అనుకున్నట్టే మేనేజరు మమ్మల్నిద్దర్నీ పిలిపించాడు.

"ఆ ముక్క కథకి అతకట్లేదయ్యా. ఎందుకది?"

"మామూలు నాటకమైతే ఎవరిదో గొడవలే అని కూర్చుంటారండీ," అన్నాడు బావ. "లోపల ఇంకోటి పెడితే, చూస్తూ ఊరుకున్నవాళ్ళు కూడా కనబడతారు. వాళ్ళలో నేనూ ఉన్నాను."

మేనేజరు నవ్వాడు. నాటకమే కదా, ఆడుకోండి అన్నాడు.

కొత్తగా కట్టిన గోదాములోనే స్టేజీ వేశారు. మేనేజరు ఉపన్యాసం మొదలవగానే వెనకనుంచి జనం జారుకోవడం మామూలే. ఆ రోజు ఒక్కరూ జారుకోలేదు. నాటకం మీద ఆసక్తి అనుకున్నాను.

లోపలి నాటకం వచ్చింది. అక్క వేషం వేసిన అమ్మాయి చెక్క తలుపు బాదింది. స్టేజీ మీద చూస్తున్న ఇంటివాళ్ళు కదల్లేదు, బావ రాసిందీ అంతే. అప్పుడా అమ్మాయి నేనందించకుండానే హాలు వైపు తిరిగి అంది:

"వెనక తలుపు తీసే ఉందన్నారుగా. ఎవరన్నా లేచి చూడండి."

చివరి వరసలో ఒక ముసలమ్మ లేచింది. పోయిన ముగ్గురిలో ఒకామెకి తల్లి. వెళ్ళి నిజం తలుపునే తోసింది. ఒంటి చేత్తో, తర్వాత రెండు చేతులతో. అవతల తాళం చప్పుడైంది గానీ తలుపు రాలేదు.

హాలంతా వెనక్కి తిరిగింది. నేనూ బావా మాత్రం ముందు వరస చూస్తున్నాం. తాళంచెవి ఎవరి దగ్గరుందని ఇంకా ఎవరూ అడగలేదు. మేనేజరు చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. అక్కడే ఉంచి బావ వైపు చూశాడు. ఈసారి నవ్వలేదు.

మా అక్క దారి తప్పలేదు. సరిగ్గా తలుపు దగ్గరికే వెళ్ళింది.